‘ఏం లేదులే తాతయ్యా!’

మా ఇంట్లో రోజూ వినిపించే డైలాగ్ ఇది. భోజనాల దగ్గర ఎవరో జోక్ వేస్తారు, అందరం పగలబడి నవ్వుతాం. తాతయ్య కూడా నవ్వుతాడు, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. తర్వాత పక్కవాళ్ల మోచేయి తట్టి ‘ఏటి? ఏటన్నాడు?’ అని అడుగుతాడు. అదే జోక్‌ని మళ్లీ చెవి దగ్గర అరిచి చెప్పే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? అందుకే రెడీమేడ్ జవాబు... ‘ఏం లేదులే తాతయ్యా!’ నేనూ లెక్కలేనన్నిసార్లు అన్నా.

మాది పలాస దగ్గర ఒక ఊరు. తాతయ్య రిటైర్డ్ ఎలిమెంటరీ స్కూల్ మాస్టారు. ఎనభై దాటాయి. ఇప్పటికీ పొద్దున్నే పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలేస్తాడు. చెవులే మొరాయించాయి. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ ఆ విషయం మాకు పెద్దగా తెలియలేదు. ఆవిడ అరిచేది కాదు. ఎదురుగా కూర్చుని, ముఖంలోకి చూస్తూ, నెమ్మదిగా చెప్పేది. ఆయనకు అర్థమైపోయేది. రెండేళ్ల క్రితం ఆవిడ పోయాక తాతయ్య మాట్లాడటమే తగ్గించేశాడు. ‘పెద్దాయన కదా, మౌనంగా ఉంటున్నాడు’ అనుకున్నాం. మౌనం కాదది, మా మాటలు ఆయనకు అందట్లేదు.

హియరింగ్ ఎయిడ్ కొన్నాం. వారం పెట్టుకుని డ్రాయర్‌లో పడేశాడు. ‘మిక్సీలో చెవి పెట్టినట్టుందిరా’ అన్నాడు. పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలని, సెట్టింగ్స్ మళ్లీ మళ్లీ సరిచేయించాలని అమ్మిన షాపులో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఎందుకిలా అని నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా దెబ్బతినేది హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు. స, త, క లాంటి హల్లులను విడదీసి చూపించేవి అవే. అచ్చులు మాత్రం బాగానే వినిపిస్తుంటాయి. అంటే ‘పాక’, ‘పాట’, ‘పాప’ మూడూ ఆయనకు ఇంచుమించు ఒకటే. మాట వినపడుతుంది, ఏ మాటో తెలియదు. మనం అరిచామనుకోండి, పెద్దవయ్యేది ఎక్కువగా అచ్చులే! పైగా అరిచేవాడి ముఖం కోపంగా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ మేం తాతయ్యతో మాట్లాడామనుకున్నాం, నిజానికి తిట్టినట్టు కనిపించాం.

ఇది మా ఒక్కింటి గొడవ కాదు. వినికిడి లోపానికి ఏదో ఒక సాయం అవసరమైనవాళ్లు ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2020లో ‘లాన్సెట్’ కమిషన్ మతిమరుపు వ్యాధికి దారితీసే 12 కారణాలు గుర్తిస్తే, వినికిడి లోపం వాటిలో ఒకటి.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నా పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘లైవ్ ట్రాన్‌స్క్రైబ్’ ఓపెన్ చేసి, భాష తెలుగు పెట్టి, అక్షరాలు బాగా పెద్దవి చేసి తాతయ్య ముందు పెట్టా. గూగుల్ 2019 ఫిబ్రవరిలో తెచ్చిన యాప్ ఇది. దీని వెనకున్న పరిశోధకుల్లో ఒకరు దిమిత్రి కనేవ్‌స్కీ. ఆయనకు చిన్నప్పటి నుంచీ వినపడదు. దశాబ్దాలుగా పనిచేస్తున్నది మాత్రం మాటను అక్షరంగా మార్చే టెక్నాలజీ మీదే! తోటి ఇంజినీర్ ఒకరు ఆయన ఇబ్బంది చూసి తయారుచేసిన నమూనాతోనే ఈ యాప్ మొదలైంది. వాషింగ్టన్‌లో బధిరుల కోసం ఉన్న గాలాడెట్ యూనివర్సిటీ వాళ్లు కూడా చేయి కలిపారు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి ‘మావయ్యగారూ, పులుసు వెయ్యమంటారా?’ అంది. స్క్రీన్ మీద పడింది... ‘మావయ్య గారు పోలీసు వెయ్యమంటారా’. తాతయ్య రెండుసార్లు చదువుకుని, ‘నేనేటి చేశానే అమ్మా, పోలీసులెందుకూ’ అన్నాడు. ఆ నవ్వుల్లో ఈసారి ఆయన ఆలస్యం కాలేదు. ముందు నవ్వింది ఆయనే.

పోలీసు ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పాలి కదా, ఇంజినీర్‌ని మరి! మన గొంతును సెకనులో వందో వంతు చొప్పున ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో మోడల్ చూస్తుంది. ఆ ముందూ వెనకా ఏ పదం రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా వేస్తుంది. అందుకే స్క్రీన్ మీద ఒక మాట పడి, తర్వాతి మాట రాగానే ముందుది మారిపోతుంటుంది. అంటే అది వింటున్నంతగా ఊహిస్తోంది కూడా. తాతయ్య చేసేదీ అదే కదా! సగం విని, మిగతా సగం ఊహించడం.

ఊహ బాగుండాలంటే ముందు బోలెడంత విని ఉండాలి. 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన ‘విస్పర్’ని 6,80,000 గంటల ఆడియోతో తయారుచేశారు. అందులో దాదాపు మూడింట రెండొంతులు ఇంగ్లిషే. మిగిలినదాన్ని పంచుకున్న దాదాపు వంద భాషల్లో తెలుగు ఒకటి. ఇక మా ‘ఏటి’, ‘ఎల్తన్నాను’ ఎక్కడుంటాయి? నాన్న ‘తోటకెల్తన్నాను’ అంటే, స్క్రీన్ మీద సంబంధం లేని పేరేదో తేలింది. తెలుగులో ఇంకో తంటా. ‘వచ్చేశాడనుకున్నానే’ అని నాలుగు మాటల పని ఒక్క మాటలో చేసేస్తాం. అందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మాట మొత్తం తప్పు కిందే లెక్క.

ఈ లోటు పూడ్చే పని మన దగ్గరే జరుగుతోంది. ఐఐటీ మద్రాస్‌లోని ‘ఏఐ4భారత్’ బృందం 2024లో ‘ఇండిక్‌వాయిసెస్’ పేరుతో 22 భాషల్లో 7,348 గంటల ఆడియోను విడుదల చేసింది. 145 జిల్లాలు తిరిగి 16,237 మంది గొంతులు సేకరించారు. అందులో పుస్తకం చూసి చదివింది పదో వంతు కన్నా తక్కువ. మిగతాదంతా మామూలుగా మాట్లాడిందే. నా దృష్టిలో చాట్‌బాట్‌తో కవితలు రాయించడం కన్నా ఇది వంద రెట్లు పనికొచ్చే ఏఐ. ఎవరూ రీల్స్ చేయరు, అంతే.

మూడు రోజులు ఇల్లు పండగలా ఉంది. నాలుగో రోజు అసలు కథ.

నాన్న, బాబాయి అరుగు మీద కూర్చుని జీడితోటలో నలభై సెంట్లు అమ్మే విషయం మాట్లాడుకుంటున్నారు. తాతయ్య పక్కనే పడక్కుర్చీలో ఉన్నాడు. గొంతు కూడా తగ్గించలేదు, ఎందుకు తగ్గిస్తారు, ఆయనకు వినపడదుగా! 2018లో తిత్లీ తుపానుకు ఆ తోట సగం నేలకూలితే, నాయనమ్మతో కలిసి మళ్లీ మొక్కలు పెట్టించింది తాతయ్యే. బాబాయి అన్నాడు, ‘ఇప్పుడే చెప్పి రభస ఎందుకన్నయ్యా. సంతకం రోజు చెప్తే చాల్లే’.

ఫోన్ తాతయ్య ఒళ్లో ఉంది. ఆన్‌లోనే ఉంది.

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు పడలేదు. పులుసుని పోలీసు చేసిన యాప్, కావాలని చేసినట్టు, దాన్ని మాత్రం అచ్చుగుద్దినట్టు రాసింది. తాతయ్య ఏం మాట్లాడలేదు. రాత్రి నన్ను పిలిచి, ఫోన్ చేతికిచ్చి, పైకి జరిపి ఆ లైన్ చూపించాడు. మూడు రోజుల పాటు మాటలన్నీ ఫోన్‌లోనే దాచే ఆప్షన్ ఒకటుంది. ఆయన తర్వాత తీరిగ్గా చదువుకుంటాడని నేనే ఆన్ చేశా. ‘ఇది నిజంగా అన్నాడా, మిషన్ తప్పు రాసిందా?’ అని అడిగాడు. మిషన్ మీద తోసేయడం చాలా తేలిక. ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది కూడా, ‘ఏం లేదులే తాతయ్యా’ అని.

‘అన్నాడు తాతయ్యా’ అన్నా.

మర్నాడు ఇంట్లో పెద్ద గొడవ. బాబాయి నా మీద విరుచుకుపడ్డాడు, ‘ఇంట్లో సీసీ కెమెరా పెట్టావురా’ అని. అమ్మకూ నచ్చలేదు, నోరు విప్పాలంటే భయంగా ఉందంది. వాళ్లన్నదాంట్లో న్యాయం ఉంది. ఎవరినీ అడక్కుండా అందరి మాటలూ వినే మిషన్ని నడింట్లో పెట్టింది నేనే. అందుకే హిస్టరీ తీసేశా. యాప్ ఆన్‌లో ఉంటే ఫోన్ బోర్లించకూడదని, అందరికీ కనిపించేలా పెట్టాలని రూల్ పెట్టుకున్నాం. కానీ ఆయన చెవుడు మాకెంత సౌకర్యంగా ఉండేదో ఆ రోజే తెలిసింది.

మీ ఇంట్లోనూ ప్రయత్నిస్తే ఒక్క మాట. ఫోన్ మాట్లాడేవాళ్లకు దగ్గరగా ఉండాలి, టీవీ ఆపాలి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైంది ఆ మూడోదే.

ఆదివారం తాతయ్య అందర్నీ కూర్చోబెట్టి, ఫోన్ మధ్యలో స్టీలు గ్లాసుకి ఆనించాడు. క్లాసు తీసుకున్నట్టే ఉంది. నాన్న బాబాయి అప్పు సంగతి, చెల్లి కాలేజీ ఫీజు సంగతి మొదటిసారి ఆయనకు పూర్తిగా చెప్పాడు. ఆయన ప్రతి లైనూ చదివాడు. అర్థం కానిచోట చెయ్యెత్తి ‘ఆగు, ఇది సరిగ్గా పడలేదు, మళ్లీ చెప్పు’ అన్నాడు. నాన్న మళ్లీ చెప్పాడు, నెమ్మదిగా, ఆయన ముఖంలోకి చూస్తూ.

చివరికి నలభై సెంట్లు కాదు, ఇరవై ఇస్తానన్నాడు. రోడ్డు వైపుది. కొత్త మొక్కలున్న వైపు కాదు.