యుద్ధపుటాటలలో క్రౌర్యపు లెక్క

చదరంగమాడువారెవ్వరును బంటు చచ్చినదని దుఃఖింపరు. దానిని పెట్టెలో పడవేసి ఆట సాగింతురు. మన చతురంగమునుండి పుట్టిన ఈ క్రీడలో రథ గజ తురగ పదాతులకు చోటున్నది గాని, పైరు కాలిపోయిన రైతుకు చోటు లేదు. 1824లో ప్రష్యా సైనికోద్యోగి యైన రైస్విట్జ్ తన తండ్రి కల్పించిన ఆటను సంస్కరించి, దేశపటముమీద సేనలను నడుపు ‘క్రీగ్‌స్పీల్’ అను యుద్ధక్రీడను ప్రకటించెను. అందులో పాచికలు, నష్టముల పట్టికలు, తీర్పు చెప్పు మధ్యస్థుడు కలరు. ఆ పట్టికలు లెక్కించినది సైనికుల నష్టమునే.

ఇప్పుడు కంప్యూటరుమీద ఆడు వ్యూహక్రీడలు వీని సంతతివే. అయితే వీనిలో ఆటగాడు సేనాని మాత్రమే కాదు, రాజు కూడ. కోట పట్టుబడిన తరువాత అందలి జనులను ఏమి చేయవలెనో అతడే నిర్ణయింపవలెను. 2004లో వెలువడిన ‘రోమ్: టోటల్ వార్’ అను ఆట ఈ సమయమున మూడు మార్గములు చూపును: పట్టణమును ఊరక ఆక్రమించుట, జనులలో కొందరిని బానిసలుగా పట్టుకొని పోవుట, ఎక్కువమందిని చంపించుట. మూడవదానివలన బొక్కసమునకు కొల్లసొమ్ము చేరును. అంతే కాదు; ఈ ఆటలో జనసంఖ్య పెరిగినకొద్ది మురికియు అశాంతియు పెరుగునట్లు సూత్రము కట్టిరి గనుక, జనులు తగ్గిన పట్టణము తిరుగబడుట కూడ తగ్గును. నాలుగు పట్టణములు గెలిచిన బాలుడు అయిదవదానియొద్ద ఆలోచింపకయే మూడవ మీట నొక్కును. వాడు క్రూరుడు కాడు. సూత్రము వానికి నేర్పిన పాఠమది.

కంప్యూటరునకు జాలి తెలియదు, క్రౌర్యమును తెలియదు, తెలిసినవి అంకెలే. కనుక ఆటను రచించువాడు క్రౌర్యమునకు ఫలమొకటి ఉండవలెనని తలచినచో, దానిని అంకెగా మార్చి ఏదో యొక ఖాతాలో వ్రాయవలెను. ఏ ఖాతాలో వ్రాయవలెనన్నదే అసలు ప్రశ్న.

సులభమైనది కీర్తి ఖాతా. ‘సివిలిజేషన్’ అను ఆటల వరుస 1991లో సిడ్ మయర్ రూపకల్పనతో మొదలైనది. వీని ఆరవ ఆటకు 2019లో వచ్చిన అనుబంధములో ప్రతి రాజ్యమునకును ఒక పగల పద్దు ఏర్పడినది. ముందుగా నిందను ప్రకటించి కొంతకాలము ఆగి యుద్ధము చేసినచో పద్దు కొంత పెరుగును. చెప్పకుండ మీద పడినచో మరింత పెరుగును. గెలిచిన నగరమును తగులబెట్టినచో ఇంకను పెరుగును. ఇతర రాజులు ఆ పద్దు చూచి మైత్రికి వెనుదీయుదురు. దెబ్బతిన్న రాజు ఆ మేరకు తిరిగి కొట్టినను లోకము వానిని తప్పుపట్టదు. వంతులు గడచినకొద్ది పద్దు కరగిపోవును.

ఇట్టి పద్దు ఎందుకు పని చేయునో గణితముచే చూపవచ్చును. అమెరికాకు చెందిన రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అను రాజనీతి శాస్త్రజ్ఞుడు ఒక పోటీ జరిపి, దాని ఫలితములను 1980లో ప్రకటించెను. ఇద్దరు ఆటగాండ్రు ప్రతి వంతునను సహకరింపవచ్చును, లేదా ద్రోహము చేయవచ్చును. ఇద్దరును సహకరించిన చెరి 3 మార్కులు. ఇద్దరును ద్రోహము చేసిన చెరి 1. ఒకడు మాత్రమే ద్రోహియైన వానికి 5, మోసపోయినవానికి సున్న. ఒక్క వంతే అయినచో ద్రోహమే లాభము. కాని పోటీలో 200 వంతులు. నిపుణులు పంపిన 14 పథకములలో గెలిచినది అన్నిటికంటె చిన్నది. అనటోల్ రాపొపోర్ట్ పంపినది. మొదట సహకరించుము, తరువాత ఎదుటివాడు కడపటి వంతున ఏమి చేసెనో అదియే చేయుము: పథకమంతయు ఇంతే. రేపు మరల కలిసికొందుమన్న ఎరుకయు, నిన్నటి సంగతి జ్ఞాపకముండుటయు ఉన్నచో ద్రోహము గిట్టదని దీని భావము.

ఇందులోనే లోపము కూడ కనిపించును. ఆట రేపటితో ముగియునని తెలిసినవాడు నేడే ద్రోహము చేయును. వ్యూహక్రీడలలో చివరి వంతులయందు ఆటగాండ్రు అప్పటివరకు దాచుకొన్న అణ్వస్త్రములను విచ్చలవిడిగా వేయుట ఇందువలననే. ఇక మొదటి వంతుల సంగతి. 2016లో ఆరవ ఆట వెలువడినప్పుడు ప్రాచీనయుగములో చేసిన దండయాత్రకు అపకీర్తియే లేదు. యుగము మారినకొద్ది అది హెచ్చుచుండెను. పూర్వులకు ఈ పట్టింపు లేదని రచయితలు తలచిరి కాబోలు. నిద్రించుచున్నవారిని చంపిన అశ్వత్థామను మన పూర్వులు ఏమనిరో వారు వినలేదు.

రెండవది ఓడినవారి ఖాతా. రెండవ ప్రపంచయుద్ధమును చిత్రించు ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్’ నాలుగవ ఆటకు 2020లో చేర్చిన భాగములో, ఆక్రమించిన ప్రతి సీమకును ప్రతిఘటన, విధేయత అని రెండంకెలుండును. కఠినశాసనము పెట్టినచో కొంత లాభము దొరకును గాని విధేయత ఎదుగదు. కాపలాకు దళములు కావలెను. విద్రోహచర్యలవలన సామగ్రి నష్టమగును. ఇది చరిత్రకు దగ్గరగానే ఉన్నది. కాని ఆ యుద్ధములో జరిగిన యూదుల సామూహిక హత్యను ఈ ఆట చూపనే చూపదు. హత్యకు మీట ఇయ్యరాదని రచయితలు అనుకొనుట న్యాయమే. అయినను, ఆ ఖాతా పుటనే చింపివేసిన యుద్ధమును బాలురు పూర్తి యుద్ధమని భ్రమింతురేమో యని నాకు సందేహము.

మూడవది చేసినవాని మనస్సే. 2020లో వెలువడిన ‘క్రూసేడర్ కింగ్స్’ మూడవ ఆటలో ఖైదీని చంపించినచో, దయాగుణము గల రాజునకు మనోవేదన పెరుగును. పరహింసయందు ఆనందించు రాజునకు తగ్గును. సామంతులు మాత్రము భయపడి అణగియుందురు. ఒకే పని, మనిషినిబట్టి వేరు ఫలము. బోస్నియాలోని సరాయెవో నగరపు ముట్టడిని (1992-96) ఆధారము చేసికొని పోలండువారు 2014లో చేసిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ ఆటలో ఆటగాడు సైనికుడు కాడు, ఆకలిగొన్న పౌరుడు. నిస్సహాయులైన వృద్ధ దంపతుల ఇంట తిండి దొంగిలించినను పట్టుకొనువారు లేరు. ఇంటికి వచ్చిన తరువాత ఆ మనిషి దిగులుపడి కూర్చుండును. దిగులు ముదిరినచో పని చేయడు. ఈ ఆటను పాఠశాల విద్యార్థుల పఠనీయముల జాబితాలో చేర్తుమని పోలండు ప్రభుత్వము 2020లో ప్రకటించినది.

పశ్చాత్తాపమన్నప్పుడు అశోకుడు జ్ఞాపకము వచ్చును. కళింగములో లక్షమంది హతులైరని, లక్షన్నరమంది చెరగొనిపోబడిరని, అందుకు తాను వగచుచున్నానని ఆయన 13వ శిలాశాసనము చెప్పును. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని శాసనములలో ఇదియు నున్నది. కళింగములోనే ఉన్న ధౌలి, జౌగడ శిలలమీద మాత్రము లేదు. దాని స్థానమున వేరు శాసనములు చెక్కించిరి. అంతేకాక, ఆ వగపు మాటల నడుమనే అటవికులకు తన దండనశక్తిని గుర్తుచేయు హెచ్చరిక కలదు. కీర్తి, భయము, వేదన మూడును ఒకే రాతిమీద ఉన్నవి. ఏ ఆటయు ఇంత చిక్కుగా లెక్క కట్టలేదు.

వీనియన్నిటియందును ఒక కొరత మిగిలియున్నది. అంకెగా మారిన శిక్ష కొంతకాలమునకు ధర యగును. ఇన్ని మార్కులు పోయినను ఈ నగరమును కాల్చుట గిట్టునా యని ఆటగాడు లెక్కించును. 1949 నాటి జెనీవా ఒప్పందములు ఖైదీలను, పౌరులను చంపరాదని నిషేధించినవే గాని, చంపుటకు ధర కట్టలేదు. ఈ భేదమును తెలుపుటకే అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘము ఆటల రచయితలతో సంప్రదింపులు జరుపుచు వచ్చినది. అందుకు ఫలితముగా 2017లో ‘ఆర్మా’ మూడవ ఆటకు యుద్ధనియమములపై ఒక భాగము చేరినది.

ఆక్సెల్‌రాడ్ పోటీని తరగతిలో కంప్యూటరు లేకుండ జరుపవచ్చును. ఇద్దరు విద్యార్థులకు ‘సహకారము’, ‘ద్రోహము’ అని వ్రాసిన చీటీలు రెండేసి ఇచ్చి, పైన చెప్పిన మార్కులతో ఆడింపవలెను. మొదటిసారి 20 వంతులని ముందే చెప్పవలెను. రెండవసారి చెప్పక, పదవ వంతునుండి ప్రతి వంతునకును పాచిక వేసి, ఆరు పడినప్పుడు ఆపవలెను. ద్రోహపు చీటీలు ఏ ఏ వంతులలో వచ్చినవో రెండు వరుసలుగా నల్లబల్లమీద వ్రాసి పోల్చవలెను.