వరస తెగితే చెక్క పలకదు

మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో చెక్కభజన చూడనోళ్లు తక్కువ. కానీ ముసలోళ్ల ఆటలే అని మళ్లీ ఫోన్లో తల పెట్టే పిల్లోళ్లు ఎక్కువైనారు. తమ్ముల్లారా, చెల్లెల్లారా, ఆ ఆట వెనక ఎంత లెక్క ఉందో ఒకసారి చూడండి.

చెక్కలంటే చేతిలో పట్టే కొయ్య పలకలు. వాటికి చిన్న చిన్న బిళ్లలు ఉంటాయి. కలిపి కొడితే కొయ్య టక్కుమంటాది, బిళ్లలు గల్లుమంటాయి. కాళ్లకు గజ్జెలు, నడుముకు రంగుగుడ్డ. గురువు పాట ఎత్తుకుంటే జట్టు అందుకుంటాది. రెండు వరసలు ఎదురెదురుగా నిలబడతాయి, ఒకదాంట్లో ఒకటి దూరతాయి, గుండ్రంగా తిరిగి మళ్లీ వరసైతాయి. మెల్లగా మొదలైన అడుగు చివరికి ఉరుకైతాది. ఇరవై మంది కొట్టినా ఒక్క చెక్క మోగినట్టే వినపడాల.

ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. పగలు సేద్యం, రాత్రి భజనగుడి ముందర నేర్పు. నెలల తరబడి అడుగులు కుదిరినంక గజ్జెపూజ చేసి ఊరి ముందర ఆడతారు. కోలాటం దీనికి తోబుట్టువు. బళ్లారి దాటి హంపికి పోతే, విజయనగర కాలపు రాళ్ల మీద కోలాటం ఆడే ఆడోళ్లు వరసగా కనపడతారు.

ఇప్పుడు ఆ వరసకే కష్టమొచ్చింది. జనవరిలో నీలకంఠేశ్వరుని జాతర నాటికి చానా ఇండ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి పోయి గుంటూరు మిరపచేలల్లో ఉంటారు. జతలో ఒకడు లేకుంటే రెండోవాడు ఎవరికి ఎదురు నిలబడాల?

మనుషులు చాలడం లేదని ఏడుస్తూనే, ఉన్నోళ్లను బయట నిలబెట్టిన ఊర్లు మనవి. నా చిన్నప్పుడు ఒక ఊర్లో చూసినా. మాదిగవాడ పిల్లోడు అరుగు కింద నిలబడి, పైనోళ్ల కాళ్లు చూసి అన్ని అడుగులూ నేర్చుకున్నాడు. అయినా చేతికి చెక్క ఇయ్యలేదు. ఆ పక్కనే డప్పు కొట్టడానికి మాత్రం పిలిచినారు.

ఇది మన ఒక్కరి రోగమే కాదులే. అమెరికాలో రాకెట్స్ అని ఆడోళ్ల జట్టు ఉంది. 1925లో మొదలైంది. న్యూయార్క్ రేడియో సిటీ స్టేజీ మీద 36 మంది ఒకేసారి కాలెత్తుతారు. వరస ఒకే తీరుగా కనపడాలనే సాకుతో నల్లజాతి అమ్మాయిలను ఏండ్ల తరబడి తీసుకోలేదు. 1987లో జెన్నిఫర్ జోన్స్ వచ్చింది. వరసేమీ చెడిపోలేదు.

ఒకే తీరుగా ఉండాల్సింది అడుగు. కులమూ కాదు, రంగూ కాదు, మగా ఆడా కాదు.

ఉగాదికి సుగ్గోళ్లు తిరిగొస్తారు. వానలు పడేదాకా రాత్రిళ్లు మనవే. మీ ఊర్లో గురువు ఉంటే ఇప్పుడే పోయి అడగండి, ఆయన కాలంతోనే అడుగులూ పోతాయి. జట్టు కట్టేటప్పుడు మాత్రం ఏ వీధోడివి అని ఎవర్నీ అడగొద్దండప్పా.