మొండికేసిన బ్లీడరు మర

పాస్కల్ సూత్రాన్ని మనమంతా ఇంటర్మీడియెట్‌లోనే వల్లె వేశాం. బంధించిన ద్రవంమీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే అది అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. హైడ్రాలిక్ బ్రేకుకు ఆధారం ఇదే. పెడలు తొక్కితే మాస్టరు సిలిండరులోని బ్రేక్ ఆయిలు గొట్టాలగుండా పోయి వీల్ సిలిండర్లలోని పిస్టన్లను తోస్తుంది. అవి షూలను డ్రమ్ముకు అదుముతాయి. అయితే దారిలో గాలి చేరిందా, లెక్క తప్పినట్టే. ద్రవం దాదాపుగా నలగదు, గాలి నలుగుతుంది. తొక్కిన తొక్కుడంతా బుడగను నలపడానికే ఖర్చయిపోతుంది. పది టన్నుల లోడరు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, బ్రేకు ఒక్క సెకను ఆలస్యమైనా బండి 8 మీటర్లు ముందుకు పోతుంది. ఆ 8 మీటర్లలో ఎవరుంటారో ఎవరికి తెలుసు?

ఆ గాలిని బయటికి పంపే చిన్న మరే బ్లీడరు. వీల్ సిలిండరు పైభాగాన ఉంటుంది. లోపల బోలు, మొన శంకువు ఆకారం. కొంచెం వదులు చేస్తే గాలి, ఆయిలు బయటికొస్తాయి; బిగిస్తే దారి మూసుకుంటుంది. పాత లోడర్లు, గ్రేడర్లు, టిప్పర్లమీద చిక్కంతా ఈ వేలెడు మరతోనే.

ఇది ఎందుకు బిగుసుకుపోతుంది? బయట వాన, బురద ఉండనే ఉన్నాయి. లోపల కూడా నీరు చేరుతుంది. గ్లైకాల్ జాతి బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 తరగతి ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు లోపల మరగకూడదని నియమం. తేమ పట్టిన ఆయిలుకు ఆ హద్దు 140 డిగ్రీలే. ఇక తుప్పు, తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత మరచుట్ల మధ్య చీల కొట్టినట్టు బిగిసిపోతుంది.

ఇక్కడ బలం పనికిరాదు. మర బోలుగా ఉంటుంది కనుక బలవంతం చేస్తే పుటుక్కున విరుగుతుంది. ముందుగా చక్రాలకు దిమ్మలు పెట్టాలి. తీగబ్రష్‌తో తుప్పు గోకి, తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి. మరునాడు మర తలమీద సుత్తితో నిలువుగా, మెల్లగా నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు పగుళ్లిస్తుంది. ఆరు పలకల బాక్స్ పానా వాడాలి. అడ్జస్టబుల్ పానా తలను గుండ్రం చేసేస్తుంది. మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత వదిలే వైపు, మళ్లీ వెనక్కి, ఇలా అటూ ఇటూ ఆడించాలి.

అప్పటికీ కదలకపోతే వేడి చేయాలి. బండిమీద ఉండగా మాత్రం కూడదు. బ్రేక్ ఆయిలు అంటుకుంటుంది. వేడెక్కిన చక్రంమీద గాలి నిండిన టైరు బాంబులా పేలగలదు. సిలిండరు ఊడదీసి, రబ్బరు కప్పులు తీసేసి, ఆయిలు పూర్తిగా తుడిచి, బల్లమీద పెట్టి వేడి చేయాలి. మరను కాదు, దాని చుట్టూ ఉన్న పోతఇనుమును. అది వ్యాకోచించి మర పట్టు సడలిస్తుంది. విరిగిన మరకు నట్టు వెల్డు చేసి తిప్పడం మరో దారి.

అసలు సంగతి ఒకటుంది. బ్లీడరు కదలలేదంటే ఆయిలు మార్చి ఏళ్లు గడిచాయని అర్థం. బయట అంత తుప్పుంటే లోపలి సిలిండరు గోడ బాగుంటుందని నమ్మలేం. కాబట్టి మర ఊడివచ్చిందని సంబరపడి ఊరుకోక సిలిండరు విప్పి చూడాలి. గోడకు గుంటలు పడితే కొత్తది వేయడమే మంచిది. తయారీదారు చెప్పిన ఆయిలే పోయాలి; కొన్ని యంత్రాలకు గ్లైకాల్ ఆయిలు, కొన్నింటికి మినరల్ ఆయిలు. ఒకదానిలో ఒకటి కలిస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కొత్త మరకు రబ్బరు టోపీ తొడగడం మరువకండి. పైసల్లో పోయే ఆ టోపీ లేకనే ఇంత తంతు వచ్చింది. "గాలి తీయడం తర్వాత చూద్దాంలే" అని బండిని పనికి పంపే మేస్త్రీకి ఎదురుచెప్పగలిగితేనే మన పాస్కల్ చదువు సార్థకం.