పేలిన చుక్కను హైదరాబాద్ యంత్రం ఎలా పడుతుంది?

హైటెక్ సిటీ దీపాల వెలుగులో మామూలు చుక్కలే సరిగా కనబడవు. మరి సూపర్‌నోవాల సంగతో? భారీ నక్షత్రం ఇంధనం అయిపోయి, దాని నడిబొడ్డు కుప్పకూలితే జరిగే పేలుడే సూపర్‌నోవా. కొన్నాళ్లపాటు అది ఒక గెలాక్సీ అంత వెలుగుతుంది!

పేలుడు శకలాల నుంచి గామా కిరణాలు వస్తాయి. వాటిని గాలి నేలదాకా రానివ్వదు (మన అదృష్టం). అయితే అవి గాలిని ఢీకొన్నప్పుడు కణాల జల్లు పుడుతుంది. గాలిలో కాంతి కాస్త నెమ్మదిస్తుంది కదా, ఈ కణాలు దాన్నీ దాటిపోతాయి. అప్పుడు నీలి మెరుపు పుడుతుంది. అది సెకనులో కొన్ని వందకోట్లవ వంతులే ఉంటుంది. కంటికి అందదు.

దాన్ని పట్టేదే లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న 'మేస్' టెలిస్కోపు. అద్దాల పళ్లెం వెడల్పు 21 మీటర్లు, కెమెరాలో కాంతిని పసిగట్టే 1,088 గొట్టాలు. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కోసం దీన్ని కట్టింది మన హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. అవును, సిటీ బస్సు బోర్డు మీద మీరు చదివే ఈసీఐఎలే!

1054లో చైనావాళ్లు పట్టపగలే చూసిన సూపర్‌నోవా శకలమే క్రాబ్ నెబ్యులా. దాని గామా కిరణాలను మేస్ 2021లో పట్టుకుంది.