పాత పడవ కొంటున్నారా? ముందు నీళ్లు చూడండి

నాగాయలంకలోనో, మచిలీపట్నం గిలకలదిండిలోనో చేపల వేటకు పాత పడవ కొనబోతే ఎంపిక చాలాసార్లు రెండింటి మధ్యే ఉంటుంది: చెక్క పడవా, ఫైబర్ బోటా? అమ్మేవాళ్లు రెండింటికీ రంగు వేసే చూపిస్తారు. రంగు కింద మిగిలిన సత్తువ ఎంతో తెలియాలంటే పడవ వయసు ఒక్కటే అడిగితే చాలదు, ఏ నీళ్లలో తిరిగిందో అడగాలి.

ఇక్కడి కృష్ణా నదిలో అంతటా ఒకే నీరు కాదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి ఎగువన మంచినీళ్లు. దిగువన పులిగడ్డ దగ్గర నది చీలి, దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడల్లా ఆ పాయల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. వేసవిలో పైనుంచి ప్రవాహం తగ్గితే ఇంకా లోపలికి వస్తుంది.

చెక్కకు ఆ ఉప్పునీటిలోనే గండం. అక్కడ చెక్కను తొలిచే జీవి చూడ్డానికి పురుగులా ఉన్నా ఆల్చిప్పల జాతిది. కంటికి ఆననంత పిల్లగా లోపలికి దూరి, తల దగ్గరుండే రెండు చిన్న చిప్పలతో చెక్కను గీకుతూ, తాను పెరిగేకొద్దీ సొరంగాన్ని పెంచుకుంటూ పోతుంది. పైకి సూది బెజ్జమే, లోపల తేనెపట్టు. 1503లో కొలంబస్ తన చివరి రెండు ఓడలనూ జమైకా ఒడ్డుకు ఎక్కించేయాల్సి వచ్చింది దీని ధాటికే. మంచినీళ్లలో దీని బెడద సాధారణంగా ఉండదు. అక్కడ వాననీరు నిలిచిన చోట బూజు పట్టి చెక్క కుళ్లుతుంది. అందుకే పడవను గట్టెక్కించి, అడుగు పలకలనూ అతుకులనూ స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. మొన మెత్తగా దిగితే ఆ పలక పోయినట్టే.

ఫైబర్ బోటు అంటే గాజునార, రెసిన్ కలిపి పోసిన పొరలు. దాన్ని ఏ జీవీ తొలవదు కానీ నీరు మెల్లగా ఇంకుతుంది. లోపల రెసిన్‌లో కరిగే పదార్థాలతో కలిసి చిక్కబడి, ద్రవాభిసరణం వల్ల బయటి నీటిని మరింత లాగుతుంది. పైపొర బొబ్బలెక్కుతుంది. బొబ్బను గుచ్చితే పుల్లటి వాసన వేసే ద్రవం కారుతుంది. కొద్దిపాటి బొబ్బలైతే బోటును బాగా ఆరబెట్టి మరమ్మతు చేయించవచ్చు.

అసలు ప్రమాదం వెనక, ఇంజన్ బిగించే చోట. చాలా బోట్లలో అక్కడ ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు చేరితే అది లోలోపలే కుళ్లిపోతుంది. చిన్న సుత్తితో తట్టండి: గట్టి చోట మోత కంగున వస్తుంది, చివికిన చోట డొల్లగా వినిపిస్తుంది. ఇంజన్ కాలిని పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు వెనక పలక కదిలినా, బోల్టుల చుట్టూ పగుళ్లు కనిపించినా ఆ బేరం వదిలేయండి.

బ్యారేజీ ఎగువన వేటాడేవారికి గట్టి చెక్క పడవ చవగ్గా దొరికితే మంచిదే. పాయల్లో, సముద్రం అంచున తిరిగేవారికి వెనక పలక గట్టిగా ఉన్న ఫైబర్ బోటే మేలు, నాలుగు బొబ్బలున్నా సరే.