వేతనం ఎవరి బాకీ? – కాంట్రాక్టు కార్మికులు, మధ్యవర్తి సంస్థలు

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేల తుడిచే స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. తొమ్మిదేళ్లుగా ఆమె అదే అంతస్తులో, అవే వార్డులలో పనిచేస్తున్నది. ఏ గది ఎప్పుడు కడగాలో చెప్పేది ఆసుపత్రి సూపర్‌వైజరు. ఆలస్యంగా వస్తే మందలించేదీ ఆయనే. కాని 20వ తేదీ వచ్చినా జీతం అందలేదని అడిగితే, “నువ్వు మా మనిషివి కాదమ్మా, ఏజెన్సీ వాళ్లను అడుగు” అంటాడు. ఏజెన్సీ వారిని అడిగితే, “ఆసుపత్రిలో బిల్లు ఇంకా పాస్ కాలేదు, డబ్బు రాగానే వేస్తాం” అంటారు. రెండు మాటలూ పైకి సబబుగానే వినిపిస్తాయి. ఈలోగా ఆమె ఇంటి అద్దె గడువు దాటిపోతుంది.

ఆమె కూలి ఎవరి మీద బాకీ ఉన్నట్లు? ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఈ ఒక్క ప్రశ్ననే.

కార్మికునికీ పని చేయించుకునేవానికీ నడుమ మూడవ మనిషి ఉండడం మనకు కొత్త కాదు. మహబూబ్‌నగర్ ప్రాంతం నుంచి ఆనకట్టల పనులకు వెళ్లిన పాలమూరు కూలీలను తీసుకుపోయింది మేస్త్రీలే. ఊళ్లో ముందుగా కొంత అడ్వాన్సు ఇచ్చేవారు. పనిచోట తిండి ఖర్చుకు మాత్రం ఇస్తూ, లెక్క చివరకు తేల్చేవారు. ఆ తేల్చడంలో ఎంత తేలేదో పాలమూరు పల్లెలలో పెద్దలనడిగితే చెబుతారు. ఇటువంటి వ్యవస్థను అదుపు చేయడానికే 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. నేటి ఏజెన్సీకి కంప్యూటరు ఉంది, రిజిస్ట్రేషను ఉంది, జి.ఎస్.టి. నంబరు ఉంది. కాని అది నిలబడిన చోటు మేస్త్రీ నిలబడిన చోటే.

ఇక డబ్బు నడిచే దారి చూద్దాం. ఆ స్త్రీ వేతనం నెలకు రూ. 15,000 అనుకుందాం. దానిపై యజమాని వాటాగా ప్రావిడెంట్ ఫండు, దాని బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి 13 శాతం, అనగా రూ. 1,950. ఇ.ఎస్.ఐ. 3.25 శాతం, సుమారు రూ. 488. ఈ మొత్తంపై ఏజెన్సీ సర్వీసు చార్జి 3 శాతం అనుకుంటే సుమారు రూ. 523. అన్నిటి మీదా 18 శాతం జి.ఎస్.టి., సుమారు రూ. 3,233. ఏజెన్సీ చేసిన సేవకే కాక, కార్మికురాలి జీతం మీద కూడా ఈ పన్ను పడుతుందని పాఠకులు గమనించాలి. ఇంతా కలిపితే బిల్లు రూ. 21,194 అవుతుంది. ఆమె వేతనంలో నుంచి పి.ఎఫ్. 12 శాతం, ఇ.ఎస్.ఐ. 0.75 శాతం కోయగా చేతికి వచ్చేది సుమారు రూ. 13,087.

ఈ లెక్కలో ఏజెన్సీ వాటా అతి చిన్నది. ఫిర్యాదు చేసేవారు సాధారణంగా ఆ కమీషను మీదనే మండిపడతారు గాని, అసలు సంగతి అక్కడ లేదు. ఆమె జీతమూ, ఆమె పేరిట జమకావలసిన సుమారు రూ. 4,350 పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. సొమ్మూ ఏజెన్సీ చేతిలో నుంచి పోవాలి. అక్కడ పది రోజులు ఆగినా, పది నెలలు ఆగినా ఆమెకు వెంటనే తెలియదు. తీరా ఆసుపత్రి మంచం మీద పడ్డాకో, కూతురి పెళ్లికి పి.ఎఫ్. తీసుకోబోయినప్పుడో తెలుస్తుంది.

వైద్యసేవకు జి.ఎస్.టి. మినహాయింపు ఉన్నందున, ఆసుపత్రి తాను కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోలేదు. అయినా నేరుగా నియమించుకోక ఇంత అదనంగా ఎందుకు చెల్లిస్తుంది? ఆమె తమ ఉద్యోగి కాదని చెప్పగలగడానికి అది చెల్లించే ధర ఇది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికులు తమంతట తామే ప్రధాన యజమాని ఉద్యోగులు కాబోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన తరువాత ఆ ధైర్యం మరింత పెరిగింది.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో కిరాయి ఒప్పందాన్ని ‘ఇజారా’ అంటారు. కూలికి కుదిరినవారిని ఫుఖహాలు రెండు విధాలుగా విభజించారు. దర్జీ, చాకలి వంటివారు అందరికీ పనిచేసే ‘అజీరె ముష్తరక్’. వారికి పని పూర్తిచేసినందుకు కూలి. ఒకరి వద్ద నిర్ణీత కాలానికి కుదిరినవారు ‘అజీరె ఖాస్’. వీరు పనికి సిద్ధంగా హాజరైతే చాలు, వేతనానికి హక్కుదారులవుతారు. యజమాని పని చూపకపోయినా ఆ హక్కు పోదు. 1869 - 1876 మధ్య ఉస్మానియా రాజ్యంలో వెలువడిన ‘మజల్లా’ న్యాయస్మృతి కూడా దీనినే స్థిరపరచింది. మన ఉదాహరణలోని స్త్రీ ఈ రెండవ తరగతికి చెందుతుంది.

ఇక్కడ ఉన్న ఒప్పందాలు రెండు. ఏజెన్సీకీ ఆమెకూ ఒకటి, ఆసుపత్రికీ ఏజెన్సీకీ మరొకటి. మొదటి దాని బాకీ రెండవ దాని వసూలుపై ఆధారపడదు. నెల ముగియగానే ఏజెన్సీ ఆమెకు రుణపడింది. బిల్లు పాస్ కాలేదన్నది ఏజెన్సీ ఆసుపత్రితో తేల్చుకోవలసిన విషయం.

తక్కువకు తీసుకుని ఎక్కువకు ఇచ్చేవాని లాభం గురించి కూడా ఫుఖహాలు చర్చించారు. అద్దెకు తీసుకున్న ఇంటిని అంతకన్న ఎక్కువ అద్దెకు మరొకరికిచ్చినవాడు, ఆ ఇంటికి తానేదైనా చేర్చి ఉంటే తప్ప, ఆ ఎక్కువ సొమ్మును దానం చేయాలని హనఫీలు అన్నారు. షాఫయీలు దాన్ని అనుమతించారు. భేదాభిప్రాయం అలా ఉండగా, లాభం నష్టభారంతో కూడి ఉండాలన్న సూత్రం మాత్రం ప్రసిద్ధమైనది. ఏజెన్సీ తన పెట్టుబడితో 7వ తేదీకి జీతాలిచ్చి, ఆసుపత్రి డబ్బు కోసం తాను ఎదురుచూస్తే, ఆ 3 శాతానికి అర్థం ఉంది. బిల్లు వచ్చాకే జీతమంటే ఎదురుచూసేది కార్మికురాలు. నెలకు 13 వేలతో బతికే మనిషి ఆసుపత్రికి వడ్డీలేని అప్పు ఇస్తున్నదన్నమాట!

చట్టమూ ఇదే దారిన నడిచింది. 1970 చట్టం ప్రకారం వేతనం చెల్లించవలసింది కాంట్రాక్టరు. అతడు చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించి, ఆ సొమ్మును కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలి. జీతాలు పంచే సమయాన యజమాని ప్రతినిధి దగ్గరుండి సంతకం చేయాలి కూడా. ఆ సంతకాలు ఎలా జరిగేవో తెలిసినవారికి తెలుసు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. ప్రధాన యజమాని బాధ్యత అలాగే ఉన్నది. చెల్లింపు బ్యాంకు ద్వారా జరగాలి. నెలజీతం మరుసటి నెల 7వ తేదీ దాటరాదు. అయితే పాత చట్టం 20 మంది కార్మికులున్న చోట వర్తించేది, కొత్తదానిలో కాంట్రాక్టు నిబంధనలకు ఆ సంఖ్య 50 అయింది. చిన్న కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారికి ఇది నష్టమేనని మా అభిప్రాయం.

టెండర్ల విషయం మరీ విచిత్రం. తక్కువ చార్జి కోరినవారికే పని దక్కుతుంది కనుక, కొందరు దాదాపు ఏమీ లేని చార్జికి సిద్ధపడతారు. లాభం లేకుండా వ్యాపారం చేసేవారెవరు? ఆ లోటును ఉద్యోగం ఇప్పించినందుకని తీసుకునే డిపాజిట్టులోనో, యూనిఫారం పేరిట కోతలోనో, కట్టని పి.ఎఫ్.లోనో పూడ్చుకుంటారు. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, తుడిచే చీపురు మారదు. తొమ్మిదేళ్ల సర్వీసు కాగితం మీద నాలుగు ముక్కలవుతుంది. గ్రాట్యుటీ అడిగితే, మా దగ్గర నీకు రెండేళ్లేనని చివరి ఏజెన్సీ అంటుంది.

ప్రభుత్వ కార్యాలయాలలో ఈ బెడద తీర్చడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జూలైలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఒక కార్పొరేషన్‌ను ప్రారంభించింది. ప్రైవేటు ఏజెన్సీని తొలగించి, జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో వేయడం దాని ఉద్దేశం. కమీషన్ల బాధకు అది మంచి మందే. కాని మధ్యవర్తి స్థానం అలాగే ఉండి, అందులో కూర్చున్నవారు మాత్రమే మారారు.

ఇటువంటి పనిలో ఉన్నవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారు ప్రతి నెలా వేతన చీటీ అడిగి తీసుకోవాలి. పి.ఎఫ్. యు.ఎ.ఎన్. నంబరుతో పాస్‌బుక్‌లో ఆ నెల సొమ్ము జమ అయిందో లేదో చూసుకోవాలి. జమ కాకపోతే ఫిర్యాదులో ఏజెన్సీ పేరుతో పాటు, తాము పనిచేసే సంస్థ పేరు కూడా తప్పక రాయాలి.