నేర్పితే ఫీజు, మానేస్తే బాకీ

కాలేజీ దాటి వార్డులో అడుగుపెట్టిన కొత్త నర్సుకు పని నేర్పే ఖర్చు ఎవరు భరించాలి? మనీలాలో, కాలిఫోర్నియాలో, మన దేశంలో నడుస్తున్న పేచీ ఇది.

ఐసీయూలో నైట్ డ్యూటీ. రోగికి పొటాషియం బాగా తగ్గిందని ల్యాబ్ నుంచి ఫోన్. డాక్టర్ రాసిన పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, పంపులో వేగం సెట్ చేసి, మెల్లగా ఎక్కించాలి. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయికి ఇది తెలియక కాదు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ పక్క బెడ్డు వెంటిలేటర్ కూత పెడుతుంటే, తలుపు దగ్గర బంధువులు కేకలేస్తుంటే మోతాదు తప్పకుండా లెక్కగట్టడం వేరే విద్య. సీనియర్ సిస్టర్ పక్కన నిలబడి ఆంపూల్ మీద పేరు, లేబుల్ మీద మోతాదు రెండోసారి సరిచూస్తే గానీ అది వంటబట్టదు.

చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న ఈ అగాధం గురించి అమెరికన్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లోనే ‘రియాలిటీ షాక్’ అన్న పుస్తకం రాశారు. కాబట్టి శిక్షణ అవసరమా అన్నదాంట్లో గొడవ లేదు. గొడవంతా బిల్లు దగ్గరే.

అనుభవం అమ్మకానికి పెడితే...

ఆ బిల్లును కొత్త నర్సు చేతిలో పెడితే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ చూసింది. అమెరికా, బ్రిటన్ కొలువుల ఆశతో 2000 తర్వాత అక్కడ నర్సింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2008 మాంద్యంతో విదేశాల్లో గిరాకీ పడిపోయింది. విదేశీ యజమాని అనుభవం అడుగుతాడు, ఆ అనుభవం ఇవ్వగలిగేది ఆసుపత్రి. అలా ‘వాలంటీర్ నర్సు’ పద్ధతి పాకింది. జీతం లేదు, కొన్నిచోట్ల ఎదురు రుసుం కట్టాలి. డ్యూటీ మాత్రం మామూలు నర్సుదే.

ఫిర్యాదులు పెరిగాక 2011లో అప్పటి ఆరోగ్యమంత్రి ఎన్రికే ఓనా, తమ శాఖ ఆసుపత్రుల్లో వాలంటీర్ నర్సు కార్యక్రమాలు ఆపేయాలని ఉత్తర్వు ఇచ్చారు. అదే ఏడాది మొదలైన ‘ఆర్ఎన్ హీల్స్’ పథకం కింద నర్సులను ఏడాదిపాటు పల్లెల్లోనూ ఆసుపత్రుల్లోనూ పెట్టి, నెలకు 8,000 పెసోల స్టైపెండ్ ఇచ్చారు. నేర్చుకునే పనికి డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్లాలో ఆ పథకంతో మారింది.

అమెరికాలో ముందుగా ఫీజు అడగరు, మధ్యలో మానేస్తే అడుగుతారు. నేషనల్ నర్సెస్ యునైటెడ్ సంఘం 2022లో వెల్లడించిన సర్వేలో 1,698 మంది పాల్గొన్నారు. వారిలో 589 మంది తమకు శిక్షణ తప్పనిసరి అన్నారు. గడువులోపు వెళ్లిపోతే డబ్బు కట్టాల్సి ఉందన్నవాళ్లు 326 మంది. కాలిఫోర్నియా దీనికి రెండు విడతల్లో అడ్డుకట్ట వేసింది. ఆసుపత్రి తన ఉద్యోగులకు తప్పనిసరి చేసిన శిక్షణ ఖర్చు ఆసుపత్రే భరించాలని 2020లో చట్టం చేసింది. మానేస్తే బాకీ అనే ఒప్పందాల్లో చాలావాటిని నిషేధించే మరో చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మన దగ్గర బాండు

మన దగ్గర ఫీజు చేసే పని ఎక్కువగా బాండు చేస్తుంది. ఏడాదో రెండేళ్లో పనిచేస్తానని సంతకం, దానికి హామీగా ఒరిజినల్ సర్టిఫికెట్లు. గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్లాలంటే అవి చేతిలో ఉండాలి. 2011-12లో ముంబయిలో, కేరళలో నర్సులు రోడ్డెక్కింది తక్కువ జీతాలతోపాటు ఈ బాండ్ల మీద కూడా.

సుప్రీంకోర్టు 2016లో ఆదేశించాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు కనీసం రూ.20,000 ఇవ్వాలని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. నర్సుల పోరాటం తర్వాత కేరళ 2018లో కనీస వేతనాలు నోటిఫై చేసింది.

ఆసుపత్రుల వాదనను కొట్టిపారేయలేం. చిన్న నర్సింగ్ హోమ్ ఆరునెలలు కష్టపడి తీర్చిదిద్దిన సిస్టర్‌ను కార్పొరేట్ ఆసుపత్రి ఎగరేసుకుపోతుంది. నేర్పినన్నాళ్లూ సీనియర్ చేసే పని సగానికి సగం కుంటుపడుతుంది. చట్టం కూడా బాండును పూర్తిగా కాదనలేదు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేసిన అధికారి రూ.2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది.

అయినా ఈ వాదనలో ఒక చిక్కుంది. డిశ్చార్జి రోజు ప్రైవేటు ఆసుపత్రి చేతికిచ్చే బిల్లు తిరగేస్తే ‘నర్సింగ్ ఛార్జీలు’ అని ఒక పద్దు కనిపిస్తుంది. బీపీ చూసింది, కాన్యులా పెట్టింది, రాత్రి రెండింటికి ఇంజెక్షన్ ఇచ్చింది కొత్తమ్మాయే అయినా ఆ పద్దు తగ్గదు. ఆమె పనికి రోగి దగ్గర ఒకసారి వసూలు చేశాక, అదే పని నేర్పామంటూ ఆమె దగ్గర రెండోసారి వసూలు చేయడానికి ఆధారం ఏమిటి?

డబ్బు కట్టడం సబబైన చోటూ ఉంది. గుండె ఆగిన రోగిని బతికించే బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కోర్సుల సర్టిఫికెట్ ఏ ఆసుపత్రికి వెళ్లినా నర్సు వెంటే వస్తుంది. ఇష్టపడి చేరితే ఫీజు ఆమే కట్టుకోవచ్చు. ఉద్యోగానికి అది తప్పనిసరి అంటే మాత్రం ఖర్చు యజమానిదే. ఆసుపత్రి సొంత సాఫ్ట్‌వేర్, సొంత రిజిస్టర్లు నేర్పే నాలుగు రోజుల ఓరియెంటేషన్‌కు ఫీజన్నది అసలు పొసగదు. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ కొత్త నర్సును మొదటిరోజు నుంచే ‘బ్యాండ్ 5’ జీతం మీద తీసుకుని, అనుభవజ్ఞురాలి తోడు ఇచ్చి నేర్పిస్తుంది. తెలుగు నర్సులు అక్కడికి వెళ్లడానికి ఇలాంటివీ కారణాలే.

కోర్సు ముగించి ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవాళ్లు సంతకానికి ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. శిక్షణ కాలంలో జీతం ఎంత? బాండు మొత్తాన్ని దేని ఆధారంగా లెక్కగట్టారు? పనిచేసిన ప్రతినెలకూ అది తగ్గుతుందా? మధ్యలో మానేస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తారా? జవాబులు నియామక పత్రంలోనే రాయించుకోవాలి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకుని, ఆసుపత్రికి జిరాక్స్ కాపీలే ఇవ్వాలి. ఏ పేరుతో డబ్బు కట్టినా రసీదు తీసుకోవాలి.